మోడల్ ఒకచోట, రెండరింగ్ ఇంకోచోట: ఏ దారి పట్టాలి?

గుంటూరు దగ్గర ఒక జీ ప్లస్ వన్ ఇల్లు. త్రీడీ మోడల్ స్కెచ్‌అప్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేశాను, దాన్ని ఫొటోలాంటి బొమ్మగా మార్చే రెండరింగ్ బ్లెండర్ అనే ఇంకోదాంట్లో. త్రీడీ వ్యూ వాట్సాప్‌లో పంపిన గంటకి ఇంటాయన ఫోను. "అంతా బాగుందండీ. పోర్టికో స్తంభం మాత్రం ఇంకో అడుగు ముందుకి జరపండి, కారు డోరు తగిలేలా ఉంది."

స్కెచ్‌అప్‌లో అది రెండు నిమిషాల పని. కానీ అప్పటికే బ్లెండర్‌లో గోడలకి మెటీరియల్స్ (పెయింటు, రాయి, చెక్క లాంటి పైరూపాలు) వేశాను, కాంపౌండ్ గోడ వెంట కొబ్బరిచెట్లు పెట్టాను, సజ్జ కింద లైట్లు బిగించాను. మార్చిన మోడల్‌ని మళ్ళీ తెచ్చుకుని పాతది తీసేసేసరికి, వేసిన మెటీరియల్స్ పాతదాంతోపాటే పోయాయి. ఆ ఒక్క అడుగు జరిపేసరికి రాత్రి పన్నెండున్నర. తప్పు బ్లెండర్‌ది కాదు, ఆ ఇంటికి ఆ దారి పట్టిన నాది.

అప్పట్నుంచీ ఏ రెండరింగ్ సాఫ్ట్‌వేర్ చూసినా నా మొదటి ప్రశ్న ఒకటే: మోడల్ మారితే ఇందులో నేను చేసిన పని ఎంత మిగులుతుంది? బొమ్మ అందం సంగతికొస్తే, ఇప్పుడు మార్కెట్లో ఉన్నవాటిలో దేన్ని బాగా వాడినా ఇల్లు కట్టించుకునేవాళ్ళ కంటికి తేడా ఆనదు. మార్పులొచ్చినప్పుడే ఒక్కొక్కటీ ఒక్కో రంగు బయటపెడుతుంది.

ఉన్నవి మూడు దారులు

మొదటిది, అసలు ఎక్కడికీ వెళ్ళకపోవడం. ఎన్‌స్కేప్, వీ-రే లాంటి రెండరింగ్ సాఫ్ట్‌వేర్లు స్కెచ్‌అప్, రెవిట్, రైనో లాంటి మోడలింగ్ సాఫ్ట్‌వేర్ల లోపలే ప్లగిన్‌గా, అంటే అదనపు భాగంగా, కూర్చుంటాయి. గోడ జరిపితే పక్క కిటికీలో రెండర్ కూడా జరుగుతుంది. ఫైలు ఒకటే కాబట్టి పాతదీ కొత్తదీ అన్న గొడవే లేదు.

రెండోది వంతెన. లూమియన్, ట్విన్‌మోషన్, డీ5 రెండర్ విడి ప్రోగ్రాములే, కానీ మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌తో లైవ్ లింక్ పెట్టుకుంటాయి. మోడల్ అక్కడ, చెట్లూ మనుషులూ కార్లూ ఆకాశమూ ఇక్కడ. అక్కడ మార్పు చేసి సింక్ నొక్కితే కట్టడం మారుతుంది, మనం పెట్టిన చెట్లు పెట్టినచోటే ఉంటాయి.

మూడోది పూర్తిగా ఇల్లు మారడం. మోడల్‌ని ఎఫ్‌బీఎక్స్ ఫైలుగానో జీఎల్‌టీఎఫ్ ఫైలుగానో ఎగుమతి చేసి బ్లెండర్‌లోకో, త్రీడీఎస్ మ్యాక్స్‌లోకో తీసుకెళ్ళి అక్కడ సైకిల్స్, కరోనా లాంటి రెండరింగ్ ఇంజన్లతో రెండర్ చేయడం. స్వేచ్ఛ అంతా ఇక్కడే. పరదా మడతలు, సోఫా మీద నలిగిన దుప్పటి, తడిసిన తాండూరు బండ మీద వెలుగు... ఏది కావాలంటే అది చేసుకోవచ్చు. కానీ ఇల్లు మారాక పాత ఇంటికి రాకపోకలు కష్టం.

డిజైన్ ఇంకా నడుస్తుంటే మొదటి దారి, డిజైన్ దాదాపు ఖాయమై రంగులూ ఎలివేషన్లూ మాత్రమే తేలాల్సి ఉంటే రెండోది, ప్లాను మీద సంతకాలయ్యాక ఒకటో రెండో గొప్ప బొమ్మలు కావాల్సినప్పుడు మూడోది. నా లెక్క ఇది. అయితే ఏ దారి పట్టినా రేవు దాటేటప్పుడు పాడయ్యే సరుకు కొంత ఉంది. ముందు దాని సంగతి.

రేవు దాటేటప్పుడు ఏం పాడవుతుంది

కొలతలు. స్కెచ్‌అప్ మనకి ఏ యూనిట్లు చూపించినా లోపల అంగుళాల్లోనే దాచుకుంటుంది. రెవిట్ లోపల అడుగులు. బ్లెండర్ మీటర్లు, ట్విన్‌మోషన్‌కి పునాదైన అన్‌రియల్ ఇంజన్ సెంటీమీటర్లు. లైవ్ లింక్ అయితే ఆ లెక్క అదే చూసుకుంటుంది. చేత్తో ఎగుమతి చేస్తేనే తంటా. నేను చేసేది: ఏడడుగుల తలుపు ఒకటి పట్టుకుని అవతల ఎత్తు చూస్తాను. బ్లెండర్‌లో 2.13 రావాలి. 213 వచ్చిందంటే సెంటీమీటర్లని మీటర్లనుకుంది, 84 వచ్చిందంటే అంగుళాల్ని. "బొమ్మే కదా, ఎంత పెద్దగా ఉంటే ఏం" అనుకోకండి. లైటు ఎంత దూరం పాకాలి, గడ్డి ఎంత ఎత్తుండాలి, పొగమంచు ఎక్కడ మొదలవ్వాలి అన్నవన్నీ నిజం కొలత మీదే నడుస్తాయి. వందరెట్ల ఇంట్లో 9 వాట్ల బల్బు మిణుగురు పురుగులా ఉంటుంది.

ఇల్లు వెల్లకిలా పడిపోయి వస్తే భయపడనక్కర్లేదు. స్కెచ్‌అప్‌లో, రెవిట్‌లో, బ్లెండర్‌లో పైకి చూసే అక్షం జెడ్. జీఎల్‌టీఎఫ్ ఫైల్లో అది వై. ఎగుమతి లేదా దిగుమతి సెట్టింగుల్లో ఒక టిక్కుతో పోతుంది.

ఇంతకంటే తలనొప్పి సర్వే కోఆర్డినేట్లతో. సర్వేయర్ ఇచ్చిన డీడబ్ల్యూజీ (క్యాడ్ డ్రాయింగ్ ఫైలు) మీద నేరుగా మోడల్ కట్టేస్తాం. భూమిని జోన్లుగా విడగొట్టి చోటుని మీటర్లలో చెప్పే యూటీఎం పద్ధతిలో హైదరాబాద్ 44వ జోన్‌లో ఉంది. అక్కడి సైటు మూల ఈస్టింగ్‌లో (తూర్పు కొలత) రెండు లక్షల ముప్పైవేల మీటర్ల చుట్టుపక్కల, నార్తింగ్‌లో (ఉత్తరం కొలత) 19 లక్షల ఇరవైవేల మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు సాధారణంగా 32 బిట్ల దశాంశాలతో లెక్క కడుతుంది, అంటే దాదాపు ఏడు అంకెల ఖచ్చితత్వం. సున్నా నుంచి 19 లక్షల మీటర్ల దూరంలో అది గుర్తించగల అతిచిన్న అడుగు పన్నెండున్నర సెంటీమీటర్లు! గ్రిల్ ఊచ మందమే ఒక సెంటీమీటరు. అందుకే కెమెరా కదిలిస్తుంటే ఊచలు వణుకుతాయి, మెట్ల అంచులు రంపపు పళ్ళలా కనిపిస్తాయి. రెవిట్ అయితే తన మూలబిందువు నుంచి 10 మైళ్ళు, అంటే దాదాపు 16 కిలోమీటర్లు దాటి గీయొద్దంటుంది. మందు తేలిక. మోడల్‌ని మూలబిందువు దగ్గరికి లాగేసి, ఎంత జరిపామో ఒకచోట రాసిపెట్టుకోవడం. కార్డు పాతదైందని కొత్తది కొనబోయే ముందు ఇది చూసుకోండి. నేను చూసుకోలేదు, కొన్నాను. కొత్త కార్డులోనూ ఊచలు వణికాయి.

స్కెచ్‌అప్‌లో ప్రతి ముఖానికీ ముందూ వెనుకా ఉంటాయి, తెల్లది ముందు, నీలి బూడిదరంగుది వెనక. స్కెచ్‌అప్‌లో రెండూ కనిపిస్తాయి కాబట్టి పట్టించుకోం. అన్‌రియల్ కుటుంబం మామూలుగా వెనక ముఖాన్ని గీయదు, దాంతో అవతలికి వెళ్ళేసరికి పిట్టగోడలో కన్నం పడ్డట్టు ఉంటుంది. మెటీరియల్‌ని రెండువైపులదిగా మార్చి దాచేయొచ్చు గానీ, ముఖాలు తిప్పడమే సరైన పని. అలాగే ఒక పలక మీద ఇంకో పలక సరిగ్గా ఒకే మట్టంలో ఉంటే, ఉదాహరణకి ఫ్లోరింగ్ మీద కార్పెట్ గీత, అవి మిణుకుమిణుకుమంటాయి. ఒకదాన్ని రెండు మిల్లీమీటర్లు పైకి లేపితే చాలు.

గోడని ఒక్క పలకగా గీసే అలవాటున్నవాళ్ళకి లోపలి గదుల్లో ఇంకో చిక్కు. ట్విన్‌మోషన్‌లో వెలుతురు లెక్కగట్టే ల్యూమెన్ పద్ధతికి గోడ కనీసం 10 సెంటీమీటర్ల మందం ఉండాలని దాన్ని తయారుచేసే ఎపిక్ గేమ్స్ వాళ్ళ సూచన. లేకపోతే మూలల్లో వెలుతురు కారుతుంది. మన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ 11.4 సెంటీమీటర్లు. నిజంగా కట్టే మందంతోనే గీస్తే సరిపోయింది.

మెటీరియల్ పేర్లే అసలు తాళం

ఇది కాస్త నిదానంగా చెప్పాలి. పైన చెప్పిన ఇబ్బందులు ఒకసారి సరిచేస్తే పోతాయి, ఇది మాత్రం ప్రతి మార్పులోనూ తిరిగొస్తుంది.

లూమియన్ గానీ ట్విన్‌మోషన్ గానీ మోడల్‌ని మళ్ళీ తీసుకున్నప్పుడు ఏ గోడకి మీరు ఏ మెటీరియల్ వేశారో గుర్తుపట్టేది పేరుని బట్టే. స్కెచ్‌అప్‌లో "గోడ బయట" అన్న మెటీరియల్‌కి ట్విన్‌మోషన్‌లో టెక్స్‌చర్ పెయింటు వేశారనుకోండి, రేపు మోడల్ పదిసార్లు మారినా "గోడ బయట" అన్న పేరున్నదానికల్లా ఆ పెయింటే వస్తుంది. పేరు మారిస్తే గోడ మళ్ళీ మొహం వెలవెలబోయి నిలబడుతుంది.

దీన్నిబట్టి పని మోడలింగ్ దగ్గరే మొదలవ్వాలి. రేపు విడిగా మెటీరియల్ వేయాల్సిన ప్రతిదానికీ ఇవాళే ఒక పిచ్చిరంగు పూయండి: గోడకి గులాబీ, సజ్జ అడుగుభాగానికి ఆకుపచ్చ, గ్రిల్‌కి నీలం, కిటికీ ఫ్రేముకి నారింజ. మోడల్ హోలీ ఆడొచ్చినట్టు ఉంటుంది, ఫర్వాలేదు. అంతా తెల్లగా వదిలేసి ట్విన్‌మోషన్‌లో మెటీరియల్ వారీగా కలిపేసే ఆప్షన్‌తో దిగుమతి చేస్తే గోడ, సజ్జ, పిట్టగోడ, వాటర్ ట్యాంకు అన్నీ ఒకే ముద్దగా వస్తాయి. విడదీయాలంటే వెనక్కి వెళ్ళాల్సిందే.

బ్లెండర్‌లో నా నిద్ర పోగొట్టింది ఇదే. ఎఫ్‌బీఎక్స్‌ని రెండోసారి దిగుమతి చేస్తే "గోడ" మెటీరియల్ అప్పటికే ఉంది కాబట్టి వచ్చినదానికి చివర .001 తగిలిస్తుంది. మూడోసారికి .002. మీరు కష్టపడి చేసిన "గోడ" అనాథలా మిగిలిపోతుంది. అవుట్‌లైనర్‌లో (ఫైల్లో ఉన్నవాటి జాబితా) రీమ్యాప్ యూజర్స్ అనే ఆప్షన్ వాడి .001 స్థానంలో పాతదాన్ని కూర్చోబెట్టవచ్చని తర్వాత తెలిసింది. మెటీరియల్స్ పది ఉంటే పదిసార్లు చేయాలి. సాధ్యమే, సుఖం కాదు.

మెటీరియల్ లోపలి సంగతి ఇంకొంచెం. స్కెచ్‌అప్ 2025 వెర్షన్‌తో నునుపు, మెరుపు, లోహం లాంటి గుణాలున్న ఫొటోరియల్ మెటీరియల్స్ వచ్చాయి. అంతకుముందు మోడల్ వెంట వెళ్ళేది రంగూ ఫొటో మాత్రమే. పాత ఓబీజే ఫైలు కంటే జీఎల్‌టీఎఫ్ ఈ గుణాల్ని బాగా మోసుకెళ్తుంది. కట్టడం సమాచారాన్ని సాఫ్ట్‌వేర్ల మధ్య మోసే ఐఎఫ్‌సీ ఫైల్లో మాత్రం గోడ గోడగా, తలుపు తలుపుగా వెళ్తుంది గానీ టెక్స్‌చర్ (ఉపరితలం ఫొటో) మీద ఆశ పెట్టుకోకండి. అది సమాచారం కోసం పుట్టింది, సింగారం కోసం కాదు.

ఈ సాఫ్ట్‌వేర్లతో వచ్చే రెడీమేడ్ మెటీరియల్స్, చెట్ల లైబ్రరీల గురించి ఒక చిన్న గొణుగుడు. ఇటుక గోడ తెరిస్తే పొడుగ్గా సన్నగా ఉన్న యూరప్ ఇటుక వస్తుంది. మన దగ్గర 9 అంగుళాల పొడవు, 3 అంగుళాల మందం. చెట్లు తెరిస్తే ఓకు, బిర్చి, మేపుల్ ముందు పలకరిస్తాయి, వేపచెట్టు కోసం వెతుక్కోవాలి. తాండూరు బండ, కడప రాయి కావాలంటే మబ్బు పట్టిన రోజు ఫోనుతో నిలువుగా పైనుంచి ఫొటో తీసుకుని మీరే తయారుచేసుకోండి. రెండడుగుల బండని రెండడుగులుగానే పరవండి. కొలత తప్పితే మెటీరియల్ ఎంత ఖరీదైనదైనా బొమ్మలో ఇల్లు బొమ్మరిల్లులా ఉంటుంది.

ఒక్కొక్కటిగా

ఎన్‌స్కేప్: రెవిట్ వాడే ఆఫీసుకి నేను కళ్ళు మూసుకుని చెప్పేది ఇదే. మీటింగులో గోడ జరుపుతూనే క్లయింటుకి చూపించవచ్చు. 360 డిగ్రీల పనోరమా తీసి లింకు పంపితే, డల్లాస్‌లో ఉన్న అబ్బాయి ఊళ్ళో నాన్నగారు కట్టిస్తున్న ఇంటి హాల్లో ఫోను తిప్పి చూసుకుంటాడు. తుది బొమ్మలో కాస్త ప్లాస్టిక్ వాసన వస్తుందని కొందరంటారు, కొంత నిజమే. 2022లో ఎన్‌స్కేప్ సంస్థా, వీ-రే తయారుచేసే ఖేయాస్ సంస్థా కలిసిపోయాయి. కాబట్టి ఎన్‌స్కేప్‌లో మొదలెట్టిన సీన్‌ని వీ-రేలోకి తీసుకెళ్ళి మెరుగుపెట్టే వీలుంది. ఏటా చందా కట్టాలి.

ట్విన్‌మోషన్: ఫ్రాన్స్‌లో పుట్టి 2019లో ఎపిక్ గేమ్స్ చేతికి వచ్చింది. 2024 నుంచి ఏడాది ఆదాయం పది లక్షల డాలర్ల లోపున్న వ్యక్తులకీ సంస్థలకీ ఉచితం. మన దగ్గర ఇద్దరు ముగ్గురుండే ఆఫీసులన్నీ దాదాపు ఈ గీత కిందే. ఇది తెలిసీ ఇంకా క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో తిప్పుకునేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది. లింక్ గట్టిది. కొత్తగా మొదలెట్టేవాళ్ళకి నా మొదటి మాట ఇదే.

డీ5 రెండర్: దీనికీ ఉచిత వెర్షన్ ఉంది, బొమ్మ త్వరగా అందంగా వస్తుంది, లోపలి గదులకి ముఖ్యంగా. విండోస్ మాత్రమే. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డు ఉంటేనే దీని అసలు బలం తెలుస్తుంది. ట్విన్‌మోషన్, డీ5 రెంటిలో ఏదని అడిగితే, ఇంటీరియర్ పని ఎక్కువైతే డీ5, బయటి ఎలివేషన్లూ లేఅవుట్లూ ఎక్కువైతే ట్విన్‌మోషన్ అంటాను. ఈ మాటతో గొడవపడేవాళ్ళు ఉంటారని తెలుసు.

లూమియన్: నెదర్లాండ్స్‌ది, 2010 నుంచీ ఉంది. మన బిల్డర్ల బ్రోషర్లలో ఆ పచ్చిక, ఆ మబ్బులు చూడగానే గుర్తుపట్టేయొచ్చు. నేర్చుకోవడం చాలా తేలిక, చెట్ల లైబ్రరీ పెద్దది. ఇప్పటికే లైసెన్సు ఉంటే మార్చుకోనక్కర్లేదు. లేకపోతే ముందు పై రెండూ వాడి చూడండి, తర్వాత డబ్బు పెట్టండి.

వీ-రే, కరోనా, బ్లెండర్: తుది బొమ్మల కోసం. కరోనా ప్రాసెసర్ మీదే నడుస్తుంది. మంచి గ్రాఫిక్స్ కార్డు లేకున్నా 64 జీబీ ర్యామ్ ఉన్న పాత వర్క్‌స్టేషన్ ఉంటే దానికి ఇదే గతి, మంచి గతే. బ్లెండర్ పూర్తిగా ఉచితం, నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. దాన్ని నేను వదల్లేదు. క్లయింటు "ఇక మార్పుల్లేవు" అని రాసిపంపాక మాత్రమే తెరుస్తాను.

వాక్‌త్రూ అడిగితే

వాక్‌త్రూ అంటే ఇల్లంతా నడిచి చూస్తున్నట్టుండే వీడియో. ఇక్కడ కూడిక తీసివేతలే తీర్పు చెప్తాయి. 30 సెకన్ల వీడియో, సెకనుకి 30 ఫ్రేములు, మొత్తం 900. ఫ్రేముకి ఐదు నిమిషాలు తీసుకునే పద్ధతిలో 75 గంటలు, అంటే మూడు పగళ్ళు మూడు రాత్రులు, మధ్యలో కరెంటు పోకూడదు. ఫ్రేముకి పది సెకన్లు తీసుకునే రియల్‌టైం ఇంజన్‌లో రెండున్నర గంటలు. వాక్‌త్రూ ఉంటే రెండో దారి తప్ప ఇంకోటి ఆలోచించకండి. వీడియోలో ఎవరూ సోఫా మడతలు లెక్కపెట్టరు. బ్రోషర్ సంగతి వేరు: ఏ3 కాగితం మీద అంగుళానికి 300 చుక్కలతో అచ్చేయాలంటే 4961 బై 3508 పిక్సెళ్ళు కావాలి. ఆ సైజులో రెండర్ చేసేటప్పుడే కార్డు మెమరీ సరిపోక ప్రోగ్రాం మూసుకుపోతుంది. చెట్లు తగ్గించి చూడండి, ముందు తినేది అవే.

సూర్యుడు, చట్టం

చోటు చెప్పకపోతే స్కెచ్‌అప్ మన ఇంటిని అమెరికాలోని బోల్డర్‌లో ఉందనుకుంటుంది, దాదాపు 40 డిగ్రీల అక్షాంశం. హైదరాబాద్ 17.4. డిసెంబరు 21 మిట్టమధ్యాహ్నం పదడుగుల గోడ నీడ బోల్డర్‌లో 20 అడుగులు, హైదరాబాద్‌లో ఎనిమిదిన్నర చిల్లర. ఇక వేసవిలో, మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా, మన నడినెత్తి సూర్యుడు కాస్త ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. ఉత్తరం ముఖం ఇంటికి సజ్జ అక్కర్లేదని ఆ బోల్డర్ నీడలు చూసి తేల్చేస్తే జూన్‌లో ఇంట్లోవాళ్ళు మిమ్మల్ని తలుచుకుంటారు. మోడల్‌లో చోటు పెట్టి, ఉత్తరం దిక్కు సరిచేసి, అవతల సాఫ్ట్‌వేర్ దాన్ని తీసుకుందో లేదో ఒక కర్ర పాతి నీడ చూసి తెలుసుకోండి.

బిల్డర్ పని చేసేవాళ్ళకి ఇంకో మాట. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 12వ సెక్షన్ ప్రకారం ప్రకటనలో, ప్రాస్పెక్టస్‌లో తప్పుడు సమాచారం చూసి డబ్బు కట్టి నష్టపోయినవాళ్ళకి ప్రమోటరు పరిహారం ఇవ్వాలి. ఎదురుగా లేని చెరువుని, పక్క అపార్ట్‌మెంట్ ఉన్నచోట పచ్చిక బయలుని పెట్టమని అడిగితే ఈ సెక్షన్ గుర్తుచేయండి. పక్క కట్టడాల్ని కనీసం బూడిదరంగు పెట్టెలుగానైనా ఉంచండి.

కొనే ముందు ఒక పరీక్ష

డెమో వీడియోలు చూసి నిర్ణయించొద్దు. వాటిలో మోడల్ ఎప్పుడూ మారదు. మీ దగ్గరున్న అసలు మోడల్ ఒకటి, కాస్త గజిబిజిగా ఉన్నదే, ట్రయల్ వెర్షన్‌లోకి తీసుకెళ్ళండి. గంటసేపు మెటీరియల్స్ వేయండి, నాలుగు చెట్లు, రెండు లైట్లు పెట్టండి. ఇప్పుడు వెనక్కి వెళ్ళి ఒక కిటికీ తీసేయండి, బాల్కనీ రెండడుగులు పెంచండి, ఒక మెటీరియల్ పేరు కావాలనే మార్చండి. సింక్ నొక్కి, మొదటి స్థితికి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం పెట్టుకుని చూడండి. అయిదు నిమిషాల్లోపు అయితే ఆ సాఫ్ట్‌వేర్‌తో కాపురం చేయొచ్చు.

నేను దీనికి ఆ గుంటూరు ఇంటి మోడల్‌నే వాడుతున్నాను. అసలు ఇంట్లో పోర్టికో స్తంభానికి స్లాబ్ పడి చాలాకాలమైంది. నా మోడల్లో మాత్రం కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఇంకో అడుగు ముందుకి జరుగుతూ, ఇప్పుడు గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేసింది.